నిలిచిపోయిన 1970 షెవర్లే సీ10 పికప్పు: మళ్లీ రోడ్డెక్కించిన కేస్ స్టడీ

బండి 1970 షెవర్లే సీ10. 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల వరుస ఇంజను, ఒక్క బ్యారెల్ రోచెస్టర్ మోనోజెట్ కార్బ్యురేటర్, స్టీరింగ్ కాలమ్ మీద గేరు రాడ్డు ఉన్న మూడు గేర్ల బాక్సు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, ఎందుకంటే ఈ వరుసలో ముందు డిస్కులు 1971 మోడల్‌తో వచ్చాయి. చాలా ఏళ్లు షెడ్డులో నిలిచిపోయాక ఎవరో బ్యాటరీ వేసి, పాత పెట్రోలు కొంత తోడేసి స్టార్ట్ చేశారు. వచ్చేటప్పుడు ఉన్న ఫిర్యాదు మూడు ముక్కలు: ఇంజనుకు బలం లేదు, పావుగంట నడిచాక ఎత్తు మీద ఆగిపోతుంది, కార్బ్యురేటర్‌కు కొత్త కిట్ వేసినా మార్పు లేదు.

తిరిగి తిరిగి అరిగిన బండి వేరు, నిలబడి పాడైన బండి వేరు. మొదటిదానిలో రింగులు, బేరింగులు, గేర్లు చూడాలి. రెండోదానిలో లోహం చాలావరకు బాగానే ఉంటుంది. పోయేవి రబ్బరు, పెట్రోలు నడిచే దారి, కరెంటు కలిసే చోట్లు. అందుకే ఈ బండికి ఇంజను దించే ఆలోచన మొదట్లోనే పక్కన పెట్టాం. కొలతలు కాదంటే అప్పుడు చూద్దామని.

ముందు బ్రేకులు

ఇంజను బాగయ్యాక బ్రేకులు చూద్దామనుకోవడం తలకిందుల పద్ధతి. ఇంజను తిరిగితే బండిని కదపాలనిపిస్తుంది, కదిలితే ఆపాల్సి వస్తుంది.

పెడల్ గట్టిగానే తగిలింది. కానీ ఒకసారి తొక్కి వదిలాక ముందు కుడి చక్రం బిగుసుకుని ఉండిపోయింది. ఒత్తిడి ఎక్కడ ఇరుక్కుందో తెలుసుకోవడానికి ముందుగా ఇనుప పైపు, రబ్బరు హోసు కలిసే నట్టు వదులు చేశాం. చక్రం విడవలేదు, అంటే పెడల్ ఒత్తిడిని ద్రవంలోకి తోసే మాస్టర్ సిలిండర్ తప్పు కాదు. తర్వాత చక్రం దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్ మీది బ్లీడర్ (గాలి, ద్రవం బయటికి వదిలే మర) తిప్పగానే ద్రవం చిమ్మి చక్రం విడిపోయింది. హోసు లోపలి పొర ఉబ్బి సన్నటి దారిని మూసేసింది. పెడల్ ఒత్తిడికి ద్రవం లోపలికి పోతుంది, షూల (డ్రమ్మును లోపలినుంచి పట్టే బ్రేకు ముక్కల) స్ప్రింగుల బలానికి వెనక్కి రాలేదు. పైకి ఆ హోసు మీద ఒక్క పగులు కూడా లేదు. పాత హోసులను చూపుతో పాస్ చేయకూడదనడానికి కారణం ఇదే. ముందు రెండు, వెనక ఇరుసు మీద ఒకటి, మూడూ మార్చాలి.

డ్రమ్ము ఊడి రానప్పుడు అంచు మీద సుత్తి దెబ్బలు వేస్తే పోత ఇనుము పగులుతుంది. సందులోంచి సన్నటి స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ అడ్జస్టర్ లివరును పక్కకు నెట్టి పట్టుకుని, రెండో పనిముట్టుతో నక్షత్ర చక్రాన్ని వెనక్కి తిప్పితే షూలు లోపలికి జరుగుతాయి. లివరును నెట్టకుండా తిప్పితే చక్రం పళ్లు అరిగిపోతాయి తప్ప పని కాదు. లోపలి దుమ్మును గాలితో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి తడిపి తుడవాలి.

నాలుగు వీల్ సిలిండర్లలోనూ గుంటలు పడ్డాయి. తేలికగా హోన్ చేశాక (రాపిడి రాయితో లోపల నునుపు చేశాక) కూడా గోటికి గుంట తగిలితే ఆ సిలిండరు పనికిరాదు, కొత్త రబ్బరు కప్పు కూడా అక్కడే లీకవుతుంది. నాలుగూ కొత్తవి వేశాం, మాస్టర్ సిలిండరు కూడా. 1967 నుంచి ఈ పికప్పులకు రెండు గదుల మాస్టర్ సిలిండరు ఉంది. దాన్ని బండికి బిగించే ముందే వైస్‌లో పట్టించి, రెండు పొట్టి గొట్టాలతో ద్రవాన్ని తిరిగి రిజర్వాయరులోకే పంపుతూ బుడగలు ఆగేదాకా తోయాలి. ఈ పని ఎగ్గొడితే తర్వాత ఎంత బ్లీడింగ్ చేసినా (లైన్లలో గాలి తీసినా) పెడల్ మెత్తగానే ఉంటుంది.

డ్రమ్ముల వ్యాసం 11 అంగుళాలు. చెక్కించే అవకాశం సాధారణంగా 0.060 అంగుళం వరకే. డ్రమ్ము మీద పోతలోనే అంకె ఉంటే దానిదే తుది మాట. షూల జతలో పొట్టి లైనింగు ఉన్నది ముందువైపు, పొడుగుది వెనకవైపు రావాలి. అటూ ఇటూ మారితే బ్రేకు సరిగా పట్టదు, ఒకవైపు లాగుతుంది. బ్యాకింగ్ ప్లేటు మీద షూ రాసుకునే ఆరు చోట్ల వేడికి కరగని గ్రీజు పలచగా రాయాలి. అక్కడ గాడి పడి ఉంటే వెల్డింగుతో నింపి చదును చేయాలి, లేకపోతే షూ ఆ గాడిలో పడి ఇరుక్కుంటుంది.

తుప్పు పట్టిన లైన్ల స్థానంలో రాగి-నికెల్ మిశ్రమం గొట్టాలు డబుల్ ఫ్లేరుతో (కొసను రెండు మడతలుగా విప్పి) వేశాం. ఉత్తి రాగి గొట్టం వేయకూడదు. కంపనానికి గట్టిపడి పగులుతుంది. డాట్ 3 ద్రవం, బ్లీడింగ్ వరుస వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. చివరగా పెడల్ రాడ్డుకు, పిస్టనుకు మధ్య కొద్దిగా ఖాళీ ఉందో లేదో చూడాలి. ఆ ఖాళీ లేకపోతే పిస్టను పూర్తిగా వెనక్కి రాదు, మాస్టర్ సిలిండరులో ద్రవం రిజర్వాయరుకు తిరిగి పోయే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడెక్కిన ద్రవానికి వెనక్కి పోయే దారి లేక నడుస్తూ నడుస్తూ నాలుగు బ్రేకులూ పట్టేస్తాయి.

ఇంజను: విప్పకముందు కొలత

ఆరు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండరులో పిస్టను నొక్కే గాలి ఒత్తిడి) చూస్తే వరుసగా 125, 120, 122, 118, 65, 124 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అన్నిటికంటే తక్కువ అంకె అన్నిటికంటే ఎక్కువదానిలో ముప్పావు వంతైనా ఉండాలన్నది మామూలు లెక్క. అయిదో సిలిండరు దానికి చాలా దూరం. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు నూనె వేసి మళ్లీ చూస్తే అంకె కదల్లేదు. రింగులైతే పెరిగేది, కాబట్టి అనుమానం వాల్వు మీదికి పోయింది. ఇంజను లోపలికి గాలి లాగే బలాన్ని చూపే వాక్యూమ్ గేజి ముల్లు లయగా కిందికి కొట్టుకోవడం కూడా అదే చెప్పింది.

రాకర్ కవరు తీసి చేత్తో తిప్పుతూ చూస్తే అయిదో ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా పైకి రావడం లేదు. కాండానికి తుప్పు పట్టి గైడులో పట్టేసింది. ఏళ్ల తరబడి ఆగిన ఇంజనులో ఏదో ఒక వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది. చెమ్మ మొదట చేరేది అక్కడికే. ఆటో ట్రాన్స్‌మిషన్ ద్రవం, అసిటోన్ సమపాళ్లలో కలిపి కాండం మీద చుక్కలు వేస్తూ, రాత్రంతా నాననిచ్చి, రాకరు వదులు చేసి కాండం కొసను ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టాలి. కిందికి దిగి, స్ప్రింగు బలానికి తనంతట తాను చటుక్కున పైకి వచ్చేదాకా అదే పని. పిస్టను పై కొసకు రాకుండా కాస్త కిందికి దించి ఉంచాలి, లేకపోతే వాల్వు తల దానికి తగులుతుంది. పట్టేసిన వాల్వును సెల్ఫ్ కొట్టి విడిపించబోతే పుష్‌రాడ్డు వంగుతుంది. ఆ సిలిండరు 116కు వచ్చింది, హెడ్డు విప్పాల్సిన అవసరం పడలేదు.

ఈ ఇంజనుకు ఉన్నవి వాల్వు సందును నూనెతో తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు, కాబట్టి సందు కొలిచే ఫీలర్ గేజితో పని లేదు. ఇంజను వేడెక్కి మెల్లగా తిరుగుతుండగా రాకర్ నట్టును టకటక వినిపించేదాకా వదులు చేసి, చప్పుడు ఆగేదాకా బిగించి, అక్కడినుంచి పావు చుట్టు చొప్పున ఒక పూర్తి చుట్టు తిప్పాలి. పావు పావుకీ మధ్య పది సెకన్లు ఆగాలి. ఆగకపోతే లిఫ్టరులోని నూనె బయటికి పోయే వ్యవధి ఉండదు, వాల్వు తెరుచుకుని ఇంజను గరగరలాడుతుంది.

ఏళ్లు ఆగిన ఇంజనును మొదటిసారి తిప్పేముందే ప్లగ్గు రంధ్రాల్లో నూనె వేసి రెండు రోజులు వదిలేసి, ఆ తర్వాత చేత్తో తిప్పాలి. ఈ 250 ఇంజనుల్లో చాలావాటికి క్రాంకు ముందు కొసన బోల్టు ఉండదు, అక్కడి బ్యాలెన్సరు చక్రం ఒత్తిడి మీదే కూర్చుంటుంది. పానా వేసే చోటే లేదు కాబట్టి ఫ్లైవీలు పళ్ల మీద లివరు వేసి తిప్పాలి. డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకు నిప్పురవ్వ పంచేది) తీస్తే కింద ఆయిల్ పంపు కొస దొరుకుతుంది. డ్రిల్లుతో గడియారం ముల్లు దిశలో తిప్పి, గేజిలో ఒత్తిడి కనిపించాకే సెల్ఫ్ ముట్టుకోవాలి.

కాయిల్‌కు వేసిన దొంగ వైరు

డిస్ట్రిబ్యూటరులో కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు నీలంగా కాలి, ఒకదాని మీద గుంట, ఇంకోదాని మీద బొడిపె. కారణం వెతికితే ఫ్యూజు పెట్టె నుంచి నేరుగా కాయిల్ (ప్లగ్గులకు ఎక్కువ వోల్టేజి తయారుచేసేది) పాజిటివ్‌కు ఎవరో లాగిన వైరు కనిపించింది. అది పీకేస్తే అసలు జబ్బు బయటపడింది: సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజను అందుకుంటుంది, తాళం వదలగానే చస్తుంది.

ఈ లక్షణం కనిపిస్తే వేరే చోట వెతకనక్కర్లేదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కు సోలినాయిడు (సెల్ఫ్ మోటారు స్విచ్చు) మీది ఆర్ టెర్మినల్ నుంచి నిండు బ్యాటరీ వోల్టేజి వస్తుంది. తాళం ఆన్‌కు తిరిగాక మాత్రం ఫైర్‌వాల్ (ఇంజనుకు, క్యాబ్‌కు మధ్య గోడ) కనెక్టరు నుంచి వచ్చే నిరోధకం వైరు గుండా తగ్గి రావాలి. ఆ వైరు తెగింది. మామూలు వైరుతో అతికించినవాళ్లు బండిని నడిపించారు, పాయింట్లను కాల్చేశారు. ఆ చోట అదే నిరోధం ఉన్న వైరు కానీ, కాయిల్‌కు తగిన పింగాణీ బ్యాలస్ట్ రెసిస్టరు కానీ వేయాలి. నిరోధకం వైరుకు టంకం అంటదు, టెర్మినల్‌ను నొక్కి క్రింప్ చేయాల్సిందే. పాయింట్లు మూసుకుని, తాళం ఆన్‌లో ఉండగా కాయిల్ పాజిటివ్ దగ్గర బ్యాటరీ వోల్టేజిలో దాదాపు సగం కనిపిస్తే సరిపోయినట్టు.

కొత్త పాయింట్లకు సందు 0.019 అంగుళం, వాడినవాటికి 0.016. డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) 31 నుంచి 34 డిగ్రీలు. ప్లగ్గు సందు 0.035. డ్వెల్ మారితే నిప్పురవ్వ పడే టైమింగూ జరుగుతుంది, కాబట్టి డ్వెల్ మొదట, టైమింగ్ తర్వాత. డిస్ట్రిబ్యూటరుకు వచ్చే వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి, దాని నోరు మూసి, బండి స్టిక్కరు మీది డిగ్రీలకు పెట్టాలి. మండే వరుస 1-5-3-6-2-4. క్యామ్ రుద్దుకునే చోట అగ్గిపుల్ల తలంత గ్రీజు చాలు. ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది, లేకపోతే రుద్దుడు ముక్క అరిగి సందు మూసుకుపోతుంది.

సెల్ఫ్ మందంగా తిరగడానికి బ్యాటరీ కారణం కాదు. మీటరు ఒక కొస ఇంజను బ్లాకుకు, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి సెల్ఫ్ కొడితే 0.9 వోల్టు చూపింది. 0.2 దాటకూడదు. ఎర్త్ కేబులు కింద రంగు, తుప్పు. ఇంజనుకు, ఫైర్‌వాల్‌కు మధ్య ఉండాల్సిన ఎర్త్ పట్టీ అసలు లేనే లేదు. అలాంటి బండ్లలో కరెంటు చోక్ కేబులు గుండా దారి వెతుక్కుంటుంది. ఆ కేబులు వేడెక్కుతుంటే ఎర్త్ చూడమని అర్థం.

పావుగంటకు ఆగిపోవడం

ఇగ్నిషన్ సరిచేశాక బలం వచ్చింది, ఆగిపోవడం మాత్రం అలాగే ఉంది. కార్బ్యురేటరును మళ్లీ విప్పాలనే ఒత్తిడి ఇక్కడే మొదలవుతుంది. దానికి ముందు పెట్రోలు అసలు అందుతోందా లేదా అన్నది తేల్చాలి. పంపు ఒత్తిడి 4 పీఎస్ఐ, ఈ ఇంజనుకు కావలసిన 3.5 నుంచి 4.5 మధ్యే. చాలామంది ఇక్కడితో పంపును వదిలేస్తారు. ఒత్తిడి ఉంటే చాలదు, పరిమాణం కూడా ఉండాలి. పంపు నుంచి కార్బ్యురేటరుకు వెళ్లే గొట్టాన్ని సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే 30 నుంచి 45 సెకన్లలో ఒక అమెరికన్ పింటు, అంటే సుమారు 470 మిల్లీలీటర్లు రావాలి. చల్లగా ఉన్నప్పుడు వచ్చింది. బండి ఆగిపోయిన వెంటనే కొలిస్తే అందులో సగం కూడా లేదు.

ట్యాంకు మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఈ బండికి గాలి రంధ్రం ఉన్న మూత కావాలి. వేసి ఉన్నది తర్వాతి కాలపు బండ్ల రంధ్రం లేని మూత, కొలత సరిపోతుంది కాబట్టి పట్టేసింది. పెట్రోలు ఖాళీ అయ్యేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరిగి పంపు లాగలేకపోతుంది. ఎత్తు మీద ఇంజను ఎక్కువ తాగుతుంది కాబట్టి అక్కడే చస్తుంది. దిగి కాసేపు ఆగితే ఎక్కడో ఒకచోట గాలి చేరి మళ్లీ స్టార్టవుతుంది, అందుకే వేడి వల్ల వచ్చే ఆవిరి అడ్డంకి అని పొరబడతారు.

మూత తీసి నడిపినా పరిమాణం పూర్తిగా రాలేదు. రెండో అడ్డు ట్యాంకు లోపల ఉంది. ఈ పికప్పుల్లో ట్యాంకు సీటు వెనక, క్యాబ్‌లోపలే ఉంటుంది. లోపల పెట్రోలు వాసన వస్తే నింపే గొట్టం హోసు, దాని చుట్టూ రబ్బరు ముందు చూడాలి. బ్యాటరీ విప్పి, ఆరుబయట పెట్రోలు తోడి, ట్యాంకు దించాక పీల్చే గొట్టం కొసన ఉన్న వల ఎర్రటి తుప్పు బురదతో మూసుకుపోయి కనిపించింది. ట్యాంకు నుంచి ఇనుప లైనుకు ఉన్న పొట్టి రబ్బరు ముక్క కూడా మెత్తబడి, లాగినప్పుడు లోపలికి ముడుచుకుంటోంది. పంపుకు ముందున్న రబ్బరు ఎప్పుడూ బయటికి కారదు, లోపలికి గాలి లాగుతుంది. కింద మరక లేదని అది బాగుందనుకోవద్దు.

ట్యాంకును వేడి నీళ్లు, డిటర్జెంటుతో కడిగి, తెల్ల వెనిగర్ నిండా పోసి రెండు రోజులు ఉంచాం. తర్వాత వంటసోడా నీళ్లతో ఆమ్లం విరిచి, కడిగి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టి లోపల పలచగా నూనె తిప్పాలి. గంట ఆలస్యమైతే కొత్త తుప్పు పసుప్పచ్చగా లేస్తుంది. లోపల పూత పోసే కిట్ వాడలేదు. వంద శాతం శుభ్రం కాని లోహం మీద అది పొరలుగా లేచి కొత్త వలను కూడా మూసేస్తుంది. తుప్పు రంధ్రాలు పడిన ట్యాంకైతే పూత పోసే బదులు కొత్తది వేయడమే నయం. ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టే ఆలోచన ఎవరికీ రాకూడదు. పెట్రోలు కంటే దాని ఆవిరే ప్రమాదం.

హోసులన్నీ ఇథనాల్ కలిసిన పెట్రోలుకు నిలిచే ఎస్ఏఈ 30ఆర్9 రకానివి వేశాం. పంపుకు ముందు లోహపు ఫిల్టరు ఒకటి, మొదటి 500 కిలోమీటర్లలో రెండుసార్లు మార్చాలి. గాజు ఫిల్టరు చూడ్డానికి బాగుంటుంది, ఇంజను పక్కన పగిలితే మాత్రం నిప్పే. కార్బ్యురేటరు నోట్లో నట్టు వెనక ఇంకో చిన్న ఫిల్టరు దాగి ఉంటుంది, దాన్నీ మరవకూడదు.

పెట్రోలు గేజి ఎప్పుడూ నిండుకు మించి చూపడం కూడా ఇక్కడే తేలింది. ట్యాంకులో మట్టం కొలిచే ఈ జనరల్ మోటార్స్ సెండరు ఖాళీకి 0, నిండుకు 90 ఓములు. ఎర్త్ తెగితే నిరోధం అనంతమై ముల్లు నిండు దాటుతుంది. ట్యాంకుకు ఒక ఎర్త్ వైరు వేస్తే సరిపోయింది.

చివరికి కార్బ్యురేటరు కూడా విప్పాం, కానీ ఆగిపోవడానికి కాదు, నల్లటి పొగకు. మోనోజెట్‌లో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటు (తేలే ముక్క) నైట్రోఫిల్ అనే నల్లటి స్పాంజి పదార్థం. ఏళ్లకు పెట్రోలు పీల్చి బరువెక్కుతుంది, మట్టం పెరిగి పొంగుతుంది. కిట్‌లో ఫ్లోటు రాదు, అందుకే కిట్ వేసినా మార్పు కనిపించలేదు. గాలి ఫిల్టరు రెక్క నట్టును బలంగా బిగిస్తే పై మూత వంగుతుంది. వేళ్లతో తిప్పినంత చాలు.

తుప్పు, మిగతావి

క్యాబ్ మూలలు, గుమ్మం కింది రాకర్లు (బోలుగా ఉండే రేకు పెట్టెలు), నేల: ఈ తరం పికప్పుల్లో తుప్పు పట్టే చోట్లు ఇవే. వైపర్ల కింది జాలీలోంచి ఆకులు పడి, నీరు దిగే దారి మూసుకుని, ఆ చెమ్మంతా రాకరు పెట్టెలోకి చేరుతుంది. ముందు ఆ దారి శుభ్రం చేయకుండా కొత్త రేకు వేస్తే మళ్లీ అదే కథ. రాకరు కోసే ముందు తలుపు బిగించి, సందులు చూసుకుని, క్యాబ్ లోపల అడ్డ కడ్డీలు వెల్డ్ చేయాలి. లేకపోతే క్యాబ్ కుంగి తలుపు పట్టదు. 18 గేజి రేకు, 0.6 మిల్లీమీటర్ల తీగతో మిగ్ వెల్డింగు, ఒకచోట చుక్క వేశాక దూరంగా ఇంకో చుక్క. గీత లాగితే రేకు వేడికి అలలు తేలుతుంది. లోపలివైపు మైనం కొట్టకుండా ఏ పెట్టెనూ మూయకూడదు.

కాలమ్ గేరు ఒకటికీ రెండుకూ మధ్య ఇరుక్కుంటే బాక్సు విప్పనక్కర్లేదు. బానెట్ ఎత్తి, కాలమ్ అడుగున ఉన్న రెండు లివర్లను న్యూట్రల్‌లో ఒక వరుసకు తెస్తే విడుస్తుంది. మళ్లీ మళ్లీ ఇరుక్కుంటే అక్కడి బుష్‌లు అరిగాయి. బాక్సులో ఇత్తడి సింక్రోలుంటాయి కాబట్టి జీఎల్-4 గేరు నూనె, వెనక ఇరుసుకు జీఎల్-5 80డబ్ల్యూ-90. ఇంజను నూనెలో జింకు తగినంత ఉన్నది ఎంచుకోవాలి. చదును లిఫ్టర్ల క్యామ్‌ను కాపాడేది అదే.

రోడ్డెక్కాక

మొదటి 100 కిలోమీటర్లకు చక్రాల నట్లు, మానిఫోల్డు బోల్టులు మళ్లీ బిగించాలి. ఇన్‌టేక్, ఎగ్జాస్టు రెండూ ఒకే గ్యాస్కెట్ మీద కూర్చుంటాయి, సద్దుకున్నాక వదులై ఈలవేస్తాయి. వాక్యూమ్ ఇప్పుడు ఖాళీగా తిరిగేటప్పుడు 18 అంగుళాల పాదరసం దగ్గర కదలకుండా నిలిచింది. నూనె 5000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. ముందు సస్పెన్షన్ నిపిల్స్‌కు గ్రీజు నూనె మార్చిన ప్రతిసారీ. బ్రేకు ద్రవం, కూలెంటు రెండేళ్లకు. పాయింట్లు నూనె మార్పుకు ఒకసారి చూస్తే చాలు.

వారానికోసారి అయిదు నిమిషాలు నిలబెట్టి తిప్పే అలవాటు ఈ బండికి చెరుపే. నూనె వేడెక్కదు, మండినప్పుడు పుట్టిన నీరు క్రాంకు కేసులోనే మిగులుతుంది, సైలెన్సరు లోపలినుంచి తింటుంది. నెలకోసారైనా అరగంట రోడ్డు మీద నడపాలి. కుదరకపోతే పెట్రోల్లో స్టెబిలైజరు కలిపి, అది కార్బ్యురేటరు దాకా చేరేంత నడిపి, బ్యాటరీ విప్పి వదిలేయడమే మేలు.

వెనక మెయిన్ సీలు (క్రాంకు వెనక కొసన నూనె ఆపేది) చెమరుస్తోంది, దాన్ని కావాలనే వదిలేశాం. క్రాంకు కేసులోని ఆవిర్లను బయటికి లాగే పీసీవీ వాల్వు జిగురు పట్టి మూసుకుపోయి ఉంది. మార్చాక లోపలి ఒత్తిడి తగ్గి, నిలిపిన చోట చిన్న మరక మాత్రమే మిగులుతోంది. నూనె క్లచ్ ప్లేటుకు చేరి బండి కదిలేటప్పుడు కుదుపు మొదలైతే అప్పుడు సంప్ (ఇంజను కింది నూనె తొట్టి) దించాలి. ఈ సీలు రెండు సగాలుగా ఉంటుంది కాబట్టి ఇంజను దించకుండా, వెనక మెయిన్ క్యాపు తీసి కిందినుంచే మార్చొచ్చు.